మంత్రగాళ్లు ముట్టని మేజోడు

జూలై నెల, పొద్దుగూకే వేళ. స్పెయిన్‌లో లా మాంచా మైదానం, బాట పక్కన ఓ సత్రం, ఆ సత్రం వాకిట్లో మనం. గుమ్మాన్ని ఆనుకుని ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. కంచరగాడిదలు తోలేవాళ్లతో సెవిల్ వెళ్తూ ఈ రాత్రికి ఇక్కడ ఆగిన వేశ్యలు. దుమ్ములోంచి ఒక బక్క గుర్రం వస్తోంది. దాని మీద, ఎప్పుడో కాలం చెల్లిన కవచం తొడుక్కుని, యాభై ఏళ్లకు దగ్గరపడ్డ ఒక పెద్దమనిషి. సత్రాన్ని కోట అనుకుని, ఈ ఇద్దరినీ రాచకన్నెలు అనుకుని, ఆయన మర్యాదగా పలకరించేసరికి వాళ్లకు నవ్వు ఆగడం లేదు.

నవ్వుతూనే కవచం విప్పడానికి సాయం పట్టారు. ఛాతీ రేకు వచ్చింది. వీపు రేకు వచ్చింది. మెడ పట్టీ, శిరస్త్రాణం మాత్రం రానంటున్నాయి. ఆకుపచ్చ రిబ్బన్లతో కట్టిన ముడులు బిగుసుకుపోయాయి. కత్తెరతో కోసేస్తే క్షణంలో పని. ఆయన ససేమిరా ఒప్పుకోవడం లేదు.

దగ్గరికి వెళ్లి ఆ శిరస్త్రాణాన్ని చూడండి. పై సగమే ఇనుము. ముత్తాతల నాటి సామాను మూలన తుప్పుపట్టి పడి ఉంటే తోమి తీశాడు. ముఖం కప్పే కింది సగం లేదు. అట్టముక్కలతో తనే చేసుకున్నాడు. గట్టిదో కాదో చూద్దామని కత్తితో కొడితే, మొదటి దెబ్బకే వారం రోజుల శ్రమ ముక్కలైంది. మళ్లీ చేశాడు, లోపల ఇనుప బద్దలు పెట్టాడు. ఈసారి మాత్రం కొట్టి చూడలేదు. గట్టిదేనని తీర్మానించుకున్నాడు.

రాత్రి భోజనం సరిగా నానని, సరిగా ఉడకని ఎండుచేప, నల్లటి రొట్టె. ముఖం మీది అట్టను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే తినడానికి చేయి లేదు. ఒకామె ముద్ద నోట్లో పెడుతోంది. మరి తాగడం ఎలా? సత్రం యజమాని ఒక బోలు రెల్లుగొట్టం తెచ్చి, ఒక కొస ఆయన నోట్లో పెట్టి, రెండో కొసలోంచి వైన్ పోస్తున్నాడు. ఆ రిబ్బన్లను కోయకూడదన్న ఒక్క పట్టుదల కోసం ఇదంతా భరిస్తున్నాడు డాన్ కిహోతే.

సెర్వాంతెస్ ఈ నవల మొదటి భాగాన్ని 1605లో, రెండో భాగాన్ని 1615లో అచ్చువేయించాడు. కథానాయకుడి ముక్కు ఎలా ఉందో చెప్పకముందే ఆయన జమాఖర్చు చెప్తాడు. ఈయన హిడాల్గో. అంటే పన్నులు కట్టనక్కర్లేని చిన్నపాటి కులీనుడు. పరువు పెద్దది, పొలం చిన్నది. రాబడిలో మూడు వంతులు తిండికే సరి. మిగిలిన ఒక్క వంతులో పండగలకు మేలురకం ఉన్ని అంగీ, మఖ్మల్ లాగు, అదే మఖ్మల్ పాదరక్షలు. మామూలు రోజుల్లో గోధుమ బూడిదరంగు నాటు ఉన్ని, అందులోనే కాస్త నాణ్యమైనది. ఇంత లెక్కగా బట్ట కొనుక్కునే ఇంట్లో రిబ్బన్ ముక్కను కూడా ఊరికే కోయరు.

భోజనం అయ్యాక సత్రం యజమాని ఆయన్ని చేతిలో డబ్బుందా అని అడుగుతున్నాడు. లేదట. వీరయోధుల పుస్తకాల్లో ఎవరూ డబ్బు మోసినట్టు చదవలేదట. ఆ మాటకు యజమాని బదులు వినండి: డబ్బు, ఉతికిన చొక్కాలు వెంట ఉంచుకోవడం ఎంత మామూలు విషయమంటే, రాయడం కూడా దండగని ఆ రచయితలు వదిలేశారు. వాళ్లు వదిలేసిన ఆ పద్దులన్నీ సెర్వాంతెస్ తన నవలలో రాసుకుంటూ పోయాడు.

ఇప్పుడు చినుకులు పడుతున్నాయి. ఈసారి ఆయన పక్కన గాడిద మీద అనుచరుడు సాంచో పాంజా కూడా ఉన్నాడు. ఎదురుగా దూరాన తళతళ మెరుస్తూ ఏదో వస్తోంది. డాన్ కిహోతేకి అది కథల్లోని మాంబ్రినో రాజు బంగారు శిరస్త్రాణం. మన కంటికి అది పక్క ఊరి క్షురకుడి ఇత్తడి పళ్లెం. ఒక ఊరు మరీ చిన్నది, అక్కడ మందుల కొట్టూ లేదు, క్షురకుడూ లేడు. అందుకని పెద్ద ఊరి క్షురకుడే అక్కడ ఒకరికి నెత్తురు తీయడానికి, ఇంకొకరికి గడ్డం గీయడానికి బయల్దేరాడు. టోపీ కొత్తదై ఉంటుంది, తడిస్తే పాడవుతుందని పళ్లెం బోర్లించి నెత్తిన పెట్టుకున్నాడు. బంగారు కిరీటం పుట్టిందంతా ఒక పేదవాడు టోపీ తడవకుండా పడ్డ తాపత్రయంలోంచి! ఈటె ఎత్తి దూసుకొస్తున్న గుర్రాన్ని చూసి క్షురకుడు గాడిద దిగి పరుగో పరుగు. పళ్లెం డాన్ కిహోతే తలకెక్కింది. గడ్డం కింద ఇమిడేందుకు అంచున చేసిన అర్ధచంద్రపు కోత చూసి, ఎవరో కింది సగం కరిగించి అమ్ముకున్నారని ఆయన నిర్ణయించేశాడు.

ఆయన కళ్ల మహిమ తెలియాలంటే ఒక రాత్రి ఇంకో సత్రం అటక మీదికి రండి. చీకట్లో పనిమనిషి మారితోర్నెస్ చెప్పుల్లేకుండా, తలకు ముతక గుడ్డ చుట్టుకుని, తన కోసం ఎదురుచూస్తున్న కంచరగాడిదల వాడి దగ్గరికి వెళ్తోంది. దెబ్బలు తిని పడుకున్న డాన్ కిహోతే ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె ఒంటి మీది చొక్కా గోనెగుడ్డ. ఆయన వేళ్లకు అది సన్నని పట్టు. మణికట్టున గాజుపూసలు. ఆయనకు తూర్పుదేశపు ముత్యాలు. సెర్వాంతెస్ ప్రతిసారీ రెండు పేర్లూ చెప్తాడు. బట్ట ఏమిటో ముందు చెప్పి, అది ఆయనకు ఏమైందో తర్వాత చెప్తాడు. గోనె సంగతి మన చేతికి తెలిసింది కనకే పట్టు అన్న మాటకు నవ్వొస్తుంది.

సియెర్రా మొరేనా కొండల్లోకి వచ్చాం. ప్రియురాలు దుల్సినేయా కోసం పిచ్చివాడై తపస్సు చేస్తానంటూ ఆయన లాగు విప్పేసి, చొక్కా ఒక్కదానితో పిల్లిమొగ్గలు వేస్తున్నాడు. సాంచో గుర్రం ముఖం తిప్పేసుకున్నాడు, మనమూ తిప్పుకుందాం. ప్రార్థన చేయాలి, జపమాల లేదు. వేలాడుతున్న చొక్కా అంచు చింపి, పదకొండు ముడులు వేసి, దానితోనే జపం మొదలుపెట్టాడు. మురికి చొక్కా అంచుతో జపమాలా అని ఎవరికో మనసొప్పలేదేమో, అదే 1605లో మాడ్రిడ్‌లో వచ్చిన రెండో ముద్రణలో ముడుల స్థానంలో చెట్టుకాయలు గుచ్చిన దండ వచ్చింది.

ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి ఊరి పాదిరి, ఊరి క్షురకుడు బయల్దేరారు. ఆపదలో ఉన్న కన్యగా పాదిరి వేషం కట్టాలని పథకం. దారిలో ఆగిన సత్రం యజమానురాలు పెట్టె తెరిచి పాతకాలపు బట్టలు తీస్తోంది. జానెడు వెడల్పు నల్ల మఖ్మల్ పట్టీలు కుట్టిన ఉన్ని పావడా, తెల్ల శాటిన్ అంచుల ఆకుపచ్చ మఖ్మల్ రవిక. పాదిరి పావడా కట్టాడు, రవిక తొడిగాడు. తలకు మాత్రం ఆడవాళ్ల ముసుగు వద్దన్నాడు. రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకునే కుట్టుటోపీ పెట్టుకుని, నల్ల పట్టుపట్టీ ఒకటి నుదుటికి కట్టి, ఇంకొకటి గడ్డం కనబడకుండా వేలాడదీశాడు. పైన గొడుగంత టోపీ. క్షురకుడికి గడ్డం కావాలి. సత్రం యజమాని దువ్వెన గుచ్చి ఉంచే ఎద్దుతోక ఉంది కదా, అది కట్టేశారు. వీటన్నిటికీ తాకట్టు పాదిరి కొత్త అంగీ! సత్రం దాటారో లేదో దేవుడి సేవకుడు ఇలా తిరగడం తప్పేమోనని ఆయనకు మనసు పీకింది. వేషాలు మార్చుకుందామంటున్నాడు.

మార్చుకోవలసిన పని లేకుండా పోయింది. వాగులో ఒక పల్లెకుర్రాడు కాళ్లు కడుక్కుంటున్నాడు. గోధుమరంగు పొట్టి అంగీ, నడుముకు తెల్ల తువ్వాలు, గోధుమరంగు లాగు, గోధుమరంగు టోపీ. పాదాలు మాత్రం పొలంలో తిరిగినవి కావు. టోపీ తీయగానే జుట్టు ఒళ్లంతా కప్పేసింది. పెళ్లి చేసుకుంటానని నమ్మించిన ఒక దొరబిడ్డ మోసం చేస్తే ఇల్లు విడిచి వచ్చిన దొరొతియా. మూటలోంచి ఖరీదైన పావడా, ఆకుపచ్చ పైట, హారం తీసి తొడుక్కోగానే ఆమె మికోమికోన్ రాకుమారి అయిపోయింది. చిత్రం చూడండి. ఆ కొండల్లో అందరి వేషాలూ అబద్ధాలే, ఈ అమ్మాయి ఖరీదైన బట్టలు ఒక్కటే నిజంగా ఆమెవి.

సత్రానికి తిరిగొచ్చాక ఇంకో జంట దిగింది. ఆయనకు మెడపట్టీ లేని నీలిరంగు పొట్టి కోటు, నీలి లాగు, నీలి టోపీ, భుజం మీదుగా వేలాడే వంకర కత్తి. వెంట ముసుగులో ఒక స్త్రీ. తలకు జరీ టోపీ, భుజాల నుంచి పాదాల దాకా కప్పిన వస్త్రం. అల్జీర్స్ చెర నుంచి తప్పించుకొచ్చిన బందీ ఆయన, జొరైదా ఆమె. ఇక్కడ హాస్యం ఆగిపోయింది. సెర్వాంతెస్ 1575 నుంచి 1580 దాకా అల్జీర్స్‌లో ఖైదీగా గడిపాడు. ఆ నీలిబట్టను ఆయన ఏ పుస్తకంలోనో చదివి రాయలేదు.

ఇక రెండో భాగం. పాదిరి, క్షురకుడు వెళ్లి చూసేసరికి డాన్ కిహోతే మంచం మీద ఆకుపచ్చ ఉన్ని చొక్కా, ఎర్రని తొలేదో టోపీతో, ఎండి వరుగై కూర్చున్నాడు. తర్వాత సాంచో ఊళ్లో వాళ్ల మాటలు మోసుకొచ్చాడు. నాలుగు ద్రాక్షతీగలకే డాన్ బిరుదు తగిలించుకున్నాడని తోటి హిడాల్గోల ఎద్దేవా. దీపం మసితో బూట్లు నలుపు చేసుకుని, నల్ల మేజోళ్లకు ఆకుపచ్చ పట్టుతో మాసికలు వేసుకునే బాపతు వాళ్లు తమతో సమానమా అని పెద్ద ప్రభువుల ఈసడింపు. డాన్ కిహోతే ముఖం బిగుసుకుంది. అది తనకు వర్తించదట. తను ఎప్పుడూ ఒద్దికగానే కట్టుకుంటాడట, మాసిక ఎన్నడూ వేయలేదట. చిరగడమంటారా, అది ఆయుధాల వల్ల చిరిగిందే కానీ పాతబడి కాదట. మాసిక లేదు అన్న ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మళ్లీ బాట. చుక్కల ఆడగుర్రం మీద డియేగో ద మిరాండా ఎదురయ్యాడు. ఆకుపచ్చ ఉన్ని పైకోటు, తేనెరంగు మఖ్మల్ పట్టీలు, అదే మఖ్మల్ టోపీ, ఆకుపచ్చ, బంగారు రంగుల కత్తిపట్టా. గుర్రపు ముల్లుకు బంగారు పూత కూడా వద్దనుకుని, మిగతా దుస్తులకు జత కుదిరేలా ఆకుపచ్చ లక్క వేయించాడు. అప్పు లేని మనిషి ఎలా ఉంటాడో చూడండి. ఆయన ఇంట్లో డాన్ కిహోతే కవచం విప్పితే లోపల ఏముంది? వదులు లాగు, కవచం మసి అంటిన మెత్తని తోలు చొక్కా, గంజీ లేసూ లేని విద్యార్థి మెడపట్టీ. కత్తి నడుముకు కాదు, భుజం మీదుగా సీల్ తోలు పట్టీకి వేలాడుతోంది. ఎన్నో ఏళ్లుగా మూత్రపిండాల జబ్బట. దారిలో సాంచో శిరస్త్రాణంలో దాచిన పెరుగుగడ్డ తల మీంచి కారింది కదా, ఐదారు బకెట్లు పోసినా నీళ్లు ఇంకా విరుగుడు రంగులోనే పోతున్నాయి.

ఇప్పుడు ఒక డ్యూక్, డచెస్‌ల కోట. నడిముంగిట్లో ఇద్దరమ్మాయిలు ఆయన భుజాల మీద మేలైన ఎర్రశాలువా కప్పారు. నిజంగానే వీరయోధుణ్నని ఆయనకు మొట్టమొదటిసారి నమ్మకం కుదిరిన రోజు ఇదేనంటాడు సెర్వాంతెస్. కవచం విప్పాక బిగుతైన పొట్టి లాగు, తోలు చొక్కా, ఎండిన బుగ్గలు. అమ్మాయిలు నవ్వు ఆపుకుంటున్నారు. ఉతికిన చొక్కా తొడుగుతామంటే ఒప్పుకోడు. సాంచోకి ఇవ్వండి, గదిలో మార్చుకుంటానన్నాడు.

కొన్నాళ్లకు సాంచోని ఒక ‘ద్వీపానికి’ గవర్నర్‌గా పంపే తమాషా మొదలైంది. బయల్దేరే ముందు గురువు శిష్యుడికి బట్టల గురించి ఎంత తెలివిగా చెప్తున్నాడో వినండి. వదులుగా, మాసినట్టు తిరగకు. ఆరుగురు నౌకర్లకు దుస్తులివ్వాల్సి వస్తే ముగ్గురికే కుట్టించు, మిగతా ముగ్గురి ఖర్చుతో ముగ్గురు పేదలకు కుట్టించు. పొట్టి లాగు గవర్నర్‌కీ నప్పదు, వీరయోధుడికీ నప్పదు. ఈ మాట చెప్తున్నవాడు ఈ కోటలో ఆ అమ్మాయిల ముందు నిలబడింది సరిగ్గా అలాంటి లాగుతోనే.

సాయంత్రం సాంచో వెళ్లిపోయాడు. రాత్రి. డచెస్ నలుగురమ్మాయిలను సేవకు పంపుతానంది. వద్దని గది తలుపు వేసుకున్నాడు. రెండు మైనపు వత్తులు వెలుగుతున్నాయి. కాళ్లకున్నవి ఆకుపచ్చ పట్టు మేజోళ్లు. జోళ్లు తీయడానికి వంగాడు. ఒక మేజోడులో ఒక ఉచ్చు జారింది. అల్లిన బట్ట గుణమే అంత. ఒక్క ఉచ్చు వదిలితే దాన్ని పట్టుకున్నది వదులుతుంది, దాన్ని పట్టుకున్న ఇంకోటి వదులుతుంది. క్షణంలో రెండు డజన్ల కుట్లు. మేజోడు జాలీ కిటికీలా అయింది.

ఆయన ముఖం వైపు చూడండి. రాక్షసులనుకుని గాలిమరల మీద పడి, దెబ్బ తిని లేచినప్పుడు కూడా ఈ ముఖం లేదు. ఆకుపచ్చ పట్టుదారం రవ్వంత దొరికితే ఔన్సు వెండి ఇచ్చేసేవాడట. సూది లేదు, దారం లేదు, ఎవరినీ అడగలేడు. ఇక్కడ సెర్వాంతెస్ కథ ఆపి పేదరికం మీద విరుచుకుపడతాడు. కులీనుల వెంటే ఎందుకు పడతావ్? ఒక కోటుకు పట్టు బొత్తం, గుర్రపు వెంట్రుకల బొత్తం, గాజు బొత్తం కలిపి ఎందుకు కుట్టిస్తావ్? తలుపేసుకుని పస్తుండి, వీధిలోకి పుల్లతో పళ్లు కుట్టుకుంటూ ఎందుకు రప్పిస్తావ్? చెప్పు మీది మాసికను కోసుల దూరం నుంచి చూస్తారని ఆ మనుషులు భయపడుతూ బతుకుతారు.

మంచం మీద ఆయన వాలి ఉన్నాడు. వేరే రంగు దారం దొరికినా చాలు, కుట్టుకునేవాడే. నల్ల మేజోళ్లకు ఆకుపచ్చ మాసికలని ఎద్దేవా చేసిన మాటకు, తన ఇంట్లో తను ఇచ్చిన జవాబు ఏమైంది?

ఒక్క సంగతి గమనించండి. ఆయన మంత్రగాళ్లను తలుచుకోలేదు. రాక్షసులు గాలిమరలుగా మారితే ఫ్రెస్టోన్ మాంత్రికుడు మార్చాడు. గదితో సహా పుస్తకాలు మాయమైతే ఆయనే ఎత్తుకుపోయాడు. సాంచో చూపించిన పల్లెపిల్లలో దుల్సినేయా కనిపించకపోతే, అది కూడా మంత్రమే. గోనె పట్టు అవుతుంది, పళ్లెం కిరీటం అవుతుంది. తెగిన పట్టు పోగు మాత్రం తెగిన పట్టు పోగే. ఈ ఒక్క లోటునే ఆయన ఏ కథతోనూ కప్పలేదు. ఎందుకంటే అది ఆయన చదివిన పుస్తకాల్లోది కాదు. పుట్టినప్పటి నుంచి ఆయన బతుకుతున్నదే అది.

చివరికి ఉపాయం సాంచో వదిలేసిన బూట్లలో దొరికింది. మర్నాడు పొద్దున ఆయన తోలు దుస్తులు, ఎర్రశాలువా, వెండి అంచుల ఆకుపచ్చ మఖ్మల్ టోపీ, వాటి కింద మేజోళ్లు కనబడకుండా ప్రయాణపు బూట్లు తొడుక్కుని గదిలోంచి వచ్చాడు. ఇంకా నిజం బయటపడలేదు.

ఆకుపచ్చ బట్ట కథ అక్కడితో తెగలేదు. ఆ కోటలోనే అంతకుముందు వేటకని సాంచోకి ఆకుపచ్చ ఉన్ని సూట్ ఇచ్చారు. మొదటి అవకాశానికే అమ్ముకుందామనుకున్నాడు. అడవిపందిని చూసి చెట్టెక్కాడు, కొమ్మ విరిగింది, సూట్ చిరిగింది. ఆస్తి పోయినంత ఏడ్చాడు. దాన్నే భార్య తెరెసాకి పంపాడు, కూతురు సాంచికాకి పావడా, రవిక కుట్టించమని. కోట నౌకరు మోసుకొచ్చేసరికి తెరెసా పొట్టి గోధుమరంగు పావడాలో పీచు వడుకుతోంది. డచెస్ పంపిన పగడాలు మెడలో పడ్డాయో లేదో, మాడ్రిడ్‌కో తొలేదోకో ఎవరైనా వెళ్తే గుండ్రని పంజరపు పావడా కొనుక్కురమ్మంటోంది. సాంచికాకి వేరే ఆరా: గవర్నర్ అయ్యాక నాన్న పొడవు మేజోళ్ల లాగు తొడుగుతున్నాడా? పుట్టినప్పటి నుంచి ఆమె కోరికట అది.

ఆ సమయానికే గవర్నర్ సాంచో కచేరీలో ఒక రైతు, ఒక దర్జీ నిలబడ్డారు. రైతు ఒక గుడ్డ తెచ్చి టోపీ వస్తుందా అని అడిగాడట. వస్తుందన్నాడు దర్జీ. దర్జీ దొంగవాడేమోనన్న అనుమానంతో రైతు రెండొస్తాయా, మూడొస్తాయా అంటూ ఐదుదాకా పెంచాడు. అన్నిటికీ సరేనన్నాడు దర్జీ. ఇప్పుడు పైబట్ట కింద నుంచి చేయి తీసి చూపిస్తున్నాడు: ఐదు వేళ్లకు ఐదు టోపీలు. సాంచో తీర్పు: దర్జీకి కూలి లేదు, రైతుకు గుడ్డ లేదు, టోపీలు జైల్లో ఖైదీలకు. మొత్తం నవలలో బట్ట గురించి ఇంతకన్నా సూటి తీర్పు లేదు. గుడ్డ ఎంతుందో అంతే టోపీ.

బార్సిలోనాలో వేడికి చెమట పట్టే కాలంలో డాన్ కిహోతేకి తేనెరంగు ఉన్ని అంగీ తొడిగి ఊరేగిస్తున్నారు. వీపున తోలుకాగితం మీద పెద్దక్షరాలతో ఆయన పేరు రాసి కుట్టారు. దారిన పోయేవాళ్లు ఆ పేరు పెట్టి పిలుస్తుంటే తన కీర్తి ఇంత దూరం వచ్చిందని ఆయన మురిసిపోతున్నాడు. త్వరలోనే ఆ సముద్రతీరంలో ఓడిపోయి, కవచం విప్పి, ఇంటికి మళ్లాడు.

ఆఖరి గది. జ్వరంతో మంచం పట్టాడు, తెలివి వచ్చింది. నోటరీ రాస్తున్నాడు. డాన్ కిహోతే అన్న పేరు పక్కన పెట్టి, అలోన్సో కిహానో వీలునామా చెప్తున్నాడు. మేనకోడలికి ఆస్తి. అన్నిటికన్నా ముందు తీర్చాల్సిన బాకీ ఇంటి పనిచూసే ఆమెది: ఇన్నేళ్ల జీతం బాకీ, దాని పైన ఒక దుస్తుకు 20 డ్యూకట్లు. రాకుమారి కోసం కాదు, దుల్సినేయా కోసం కాదు. ఏ మంత్రగాడి ప్రస్తావనా లేదు. ఒక మంచి దుస్తు ఎంతవుతుందో లెక్క తెలిసిన మనిషి, అది ఎవరికి కావాలో తెలిసి, రొక్కం పేరు చెప్పి రాయించాడు.